నాయిన తీసిన ఫొటో మీద వేరేవాళ్ల వాటర్‌మార్క్. పాత ఫొటో అయితే అందరిదీ అవుతుందా?

ప్రశ్న (దేవరకొండ)

మా నాయిన 1962లో దేవరకొండలో ఫొటో స్టూడియో పెట్టాడు. 2009లో పోయాడు. అటక మీద రెండు రేకు డబ్బాల నిండా నెగటివ్‌లు మిగిలాయి. సగం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బాగున్నవాటిని పోయిన ఎండాకాలం స్కానర్ కొని ఒక్కొక్కటే ఎక్కించాను. నాయినకు ఒక అలవాటుండేది. నెగటివ్ అంచున సన్నటి కలంతో నంబరు తిప్పి రాసేవాడు, ప్రింటులో సరిగ్గా పడేటట్టు.

పన్నెండు ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాను. 1955లో నాగార్జున సాగర్ డ్యాముకు నెహ్రూ చేసిన శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజు వచ్చిన జనం, మా ఊరి సంత, ఇట్లాంటివి. అన్నిటి కింద నాయిన పేరు రాశాను. వారం తిరగకముందే ఒక పేజీవాళ్లు నీళ్లు వదిలిన ఫొటో తీసుకుని, నంబరున్న అంచు కత్తిరించి, నడిమధ్యలో వాళ్ల వాటర్‌మార్క్ కొట్టారు. అడిగితే, "పాత ఫొటోలు అందరివీ అన్నా, మేం నలుగురికీ చూపిస్తున్నాం కదా" అన్నారు. ఇంకోసారి అడిగితే బ్లాక్ చేశారు. నాకు పైసలు వద్దు, పేరు వేస్తే చాలు. ఏం చేయాలి?

జవాబు (నల్గొండ, వకీలు)

పాతదైనంత మాత్రాన అందరిదీ కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత ఫొటోకు కూడా తీసినవారు బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మీ నాయినగారు తనంతట తాను తీసిన ఫొటోల మీద 2069 చివరిదాకా వారసులదే హక్కు. వారసులంటే మీరొక్కరే కాదు, తోబుట్టువులుంటే వాళ్లు కూడా. తీసింది నేనే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్‌లో విడిగా ఉంది.

పెళ్లి ఫొటోలు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. స్టూడియో డబ్బాలో ఎక్కువ అవే ఉంటాయి.

ఫేస్‌బుక్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. కత్తిరించని స్కాన్, పక్కన నంబరు కనబడేటట్టు నెగటివ్ పెట్టండి. ఆ నెగటివ్ వాళ్ల దగ్గర ఉండదు కదా.

జవాబు (మిర్యాలగూడ)

వాళ్లు చేసింది తప్పే. కానీ ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. స్టూడియో పెట్టింది 1962 అన్నారు. నెహ్రూ నందికొండ దగ్గర సాగర్‌కు పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. మరి ఆ ఫొటో కింద నాయినగారి పేరెట్లా వచ్చింది?

మీ స్కాన్ పెద్దది చేసి చూశాను. కుడి మూలన మడత పడ్డ తెల్లగీత ఉంది. చుట్టూ కాగితం అంచు నీడ కూడా పడింది. అది ఫొటోకి ఫొటో తీసిన నెగటివ్. అప్పట్లో ప్రతి స్టూడియోలో చేసిన పనే, అందులో తప్పేం లేదు.

వికీపీడియాలో వాడే ఫొటోలు దాచే వికీమీడియా కామన్స్‌లో నేను పాత ఫొటోలు ఎక్కిస్తుంటాను. అక్కడ మన దేశంలో 1958కి ముందు తీసినవాటికి, తీసిన నాటి నుంచి 50 ఏళ్లే హక్కు అని లెక్క. అంటే ఆ ఫొటోను ఎవరైనా వాడుకోవచ్చు. అయినా తీసినవారి పేరు దగ్గర 'తెలియదు' అని రాయాలి, మూలం దగ్గర మీ స్టూడియో నెగటివ్ అని రాయాలి. స్కాన్ చేసినవారిగా మీ పేరు వేరే వస్తుంది. ఈ మూడింటినీ కలిపేసి 'స్వంత కృతి', అంటే నేనే తీశాను, అని నొక్కేసినవాళ్లతో ఎన్ని లొల్లులు పడ్డానో! ముందు అది సరిచేయండి. లేకపోతే ఆ పేజీవాళ్లు ఈ ఒక్కటి పట్టుకుని మిగతా పదకొండూ అబద్ధమే అంటారు.

జవాబు (పాలమూరు)

మా తాత, నాయనమ్మ సాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశారు. వాళ్ల ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. తీసినాయన పేరు కోసం ఇంత కొట్లాట నడుస్తోంది, మంచిదే. ఆ కాలువ గట్టు మీద నిలబడ్డవాళ్లు ఎవరో ఎక్కడన్నా రాసి ఉందా? నంబరు వేసే మనిషి రిజిస్టరు కూడా పెట్టుకునే ఉంటాడు. చూడు తమ్మీ.

ప్రశ్న అడిగినవారు

మడతగీత నిజమే. అమ్మను అడిగాను. బియ్యం దుకాణం ఆయన ఎవరో ఆ ప్రింటు తెచ్చి కాపీ తీయమన్నాడట. నాయిన దాన్ని ఎన్నడూ తనదని చెప్పలేదట. డబ్బాలో దొరికిందంతా ఆయనదే అనుకుని నేను రాసుకున్నాను. వాటర్‌మార్క్ కొట్టలేదు గానీ, నేను చేసింది కూడా అదే. 'తీసినవారు తెలియదు' అని మార్చాను. నీళ్లు వదిలిన ఫొటో మీద ఫిర్యాదు పెట్టాను.

అక్కా, రిజిస్టరు ఉంది, చెదలు తిన్నది పోగా. ఆ ఫొటో నంబరు 412 ఎదురుగా నాయిన రాత: "కాలువ, జనం. సొంతం." పేర్లు రాయలేదు.