ఫోటాన్‌కి (కాంతి కణానికి) కాలం గడవదు అనడం ఒప్పా, తప్పా?

గోదారిగట్టు:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కోచింగ్‌లో ఆదివారం పెట్టిన టెస్టులో ఒక ప్రశ్న: "ఫోటాన్ దృష్ట్యా సూర్యుడి నుంచి భూమికి రావడానికి ఎంత సమయం పడుతుంది?" ఆప్షన్లు: 8 నిమిషాల 20 సెకన్లు, సున్నా, అనంతం, చెప్పలేం. పిల్ల 'చెప్పలేం' పెట్టింది. కీలో సున్నా. నాలుగు మార్కులు పోయాయి, పైగా మైనస్ ఒకటి. ఆ తేడాతో పై బ్యాచ్ నుంచి కింది బ్యాచ్‌కి దింపేశారు. ఫోన్ చేస్తే "కీ కరెక్టే సార్" అని పెట్టేశారు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఏది కరెక్టు?

సుద్దముక్క:
సున్నాయే. ఇందులో చర్చించడానికేముంది? రిటైరయ్యేదాకా జూనియర్ కాలేజీలో ఇదే చెప్పాను. వేగం పెరిగేకొద్దీ గడియారం నెమ్మదిస్తుంది. కాంతి వేగంలో 99.99 శాతంతో పోయే నౌకలో కూర్చున్నవాడికి సూర్యుడి నుంచి ఇక్కడికి సుమారు 7 సెకన్లే పడుతుంది. తొమ్మిదులు చేర్చుకుంటూ పోండి, చివరికి మిగిలేది సున్నా.

కాగితం మీది లెక్కే అనుకోకండి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో మ్యూవాన్లు అనే, ఎలక్ట్రాన్ కన్నా బరువైన కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఆ లెక్కన 660 మీటర్లు రాకముందే అంతరించాలి. కానీ వాటి గడియారం నెమ్మదించడం వల్ల నేల దాకా వస్తున్నాయి. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రోజూ లెక్కపెడుతున్నారు.

లాంబ్డా:
మ్యూవాన్ ఉదాహరణ ఇక్కడ చెల్లదు. దానికి ద్రవ్యరాశి ఉంది కాబట్టి పక్కనే అదే వేగంతో పోయే మనిషిని ఊహించుకోవచ్చు. అతని వాచీలో గడిచేదే మ్యూవాన్ కాలం. ఫోటాన్ పక్కన అలా పోలేం. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతానికి పెట్టుకున్న పునాదే అది: ఎవరు కొలిచినా శూన్యంలో కాంతి వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లే. 'ఫోటాన్ దృష్ట్యా' చూడాలంటే ఆ ఫోటాన్ కదలకుండా నిలబడాలి, అదే సమయంలో ఆ వేగంతో పోతూ కూడా ఉండాలి. కుదరదు కదా. అమ్మాయి పెట్టిందే కరెక్టు.

"కాంతి దారిలో స్థలకాల అంతరం (స్థలం, కాలం రెండూ కలిపి కొలిచే దూరం) ఎంత?" అని అడిగుంటే సున్నా అని నేనే అనేవాణ్ణి. అది గణితవేత్త మింకోవ్‌స్కీ 1908లో చూపించిన జ్యామితి. ఫోటాన్ చేతికి వాచీ కట్టడం వేరే పని.

రాజా3:
వాచీ లేనోడికి టైం ఆగినట్టే కదా బ్రో.

సనాతని_వైజాగ్:
ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. 14వ శతాబ్దంలోనే సాయణాచార్యులు ఋగ్వేద భాష్యంలో అర నిమేషానికి 2,202 యోజనాలు అన్నారు. లెక్క వేసుకోండి, కాంతి వేగం వస్తుంది.

హరిత_హనుమకొండ:
ఆ వాక్యం సూర్యుడికి పెట్టిన నమస్కారమండీ. అంత దూరం నడిచేవాడు సూర్యుడు, కాంతి అని లేదు. యోజనమంటే ఎన్ని మైళ్ళో గ్రంథానికో లెక్క ఉంది, ఏది కావాలంటే అది పట్టుకుంటే ఏ వేగమైనా వస్తుంది. ఇది వేరే చర్చ, ఇక్కడ వద్దు.

సుద్దముక్క:
లాంబ్డా బాబూ, ఫోటాన్‌కి ద్రవ్యరాశి లేదని ఎవరన్నారు? దానికి శక్తి ఉంది. ఈ ఈక్వల్స్ టు ఎంసీ స్క్వేర్ ప్రకారం శక్తి ఉంటే ద్రవ్యరాశి ఉన్నట్టే. లేనిది విరామ ద్రవ్యరాశి (కదలకుండా ఉన్నప్పటి ద్రవ్యరాశి) మాత్రమే. 1919 గ్రహణంలో నక్షత్ర కాంతి సూర్యుడి పక్కన వంగింది. బరువు లేనిది వంగుతుందా?

లాంబ్డా:
మంచి ఉదాహరణే తెచ్చారు మాస్టారూ, కానీ అది మీ వైపు నిలబడదు. కాంతిని బరువున్న కణంలా తీసుకుని లెక్కిస్తే సూర్యుడి అంచున 0.87 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగాలి. 1911లో ఐన్‌స్టీన్ లెక్క కూడా దాదాపు అంతే. 1915లో ఆయన పూర్తి సిద్ధాంతం, సాధారణ సాపేక్షత, వచ్చాక అది రెట్టింపై 1.75 అయింది. బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందాలు 1919 గ్రహణంలో ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవిలోనూ బ్రెజిల్ సోబ్రాల్‌లోనూ కొలిచినప్పుడు నిలిచింది ఆ రెట్టింపే. మిగతా సగం ఎక్కడిదంటే, సూర్యుడి చుట్టూ స్థలమే వంగి ఉంది, దానిది. 'బరువుంది కాబట్టి వంగింది' అంటే సగమే వస్తుంది.

సుద్దముక్క:
అద్దాల పెట్టెలో కాంతిని బంధించి తూచితే ఖాళీ పెట్టె కన్నా ఎక్కువ తూగుతుంది. అవునా, కాదా? అంత మాట చెప్పండి చాలు.

లాంబ్డా:
అవును. ఆ బరువు పెట్టె మొత్తానిది. ఒక్కో ఫోటాన్‌ది సున్నాయే.

సుద్దముక్క:
సున్నాలన్నీ కూడితే సున్నా కాకుండా పోయిందా? ఏ ఎక్కాల పుస్తకంలో ఉంది నాయనా?

లాంబ్డా:
ద్రవ్యరాశి కూడికతో వచ్చేది కాదు. ఎదురెదురుగా పోయే రెండు ఫోటాన్ల ద్రవ్యవేగాలు (మొమెంటమ్) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, శక్తులు మాత్రం కలుస్తాయి. కొట్టేసుకోగా మిగిలిన శక్తే ఆ జంట ద్రవ్యరాశి. వేగంతో పెరిగే ద్రవ్యరాశి అనే మాట వాడకపోవడమే మంచిదని ఐన్‌స్టీనే 1948లో ఒక ఉత్తరంలో రాశారు. మనం ఇంకా గైడ్లలో మోస్తున్నాం.

డాలస్ బాబాయ్:
నేను వీడియోలో చూసింది వేరే. ప్రతి వస్తువూ స్థలకాలంలో కాంతి వేగంతోనే పోతుందట. మనం దాన్ని కాలంలో ఖర్చుపెడతాం, కాంతి మొత్తం స్థలంలోనే ఖర్చుపెట్టేస్తుంది. అందుకే దానికి కాలం మిగలదు. నాకైతే ఇదే నచ్చింది.

హరిత_హనుమకొండ:
వినడానికి బాగుంటుంది బాబాయ్ గారూ. ఆ లెక్కలో ప్రతిదాన్నీ ఆ వస్తువు సొంత కాలంతో భాగించాలి. ఫోటాన్ దగ్గరికొచ్చేసరికి సున్నాతో భాగించాల్సి వస్తుంది. వీడియో అక్కడ ఆగిపోతుంది.

నాకు మితుల (డైమెన్షన్ల) సంగతే ఎక్కువ ఇష్టం. స్థలానికి మూడు మితులే అని కాంతే సాక్ష్యం చెబుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. నాలుగు మితులుంటే ఎనిమిదో వంతయ్యేది. రెండే ఉన్న లోకం ఇంకా చిత్రం: దీపం ఒక్కసారి వెలిగి ఆరినా, దూరంగా ఉన్నవాడికి ఆ వెలుగు టక్కున ఆగదు, సన్నగా సాగుతూనే ఉంటుంది. అక్కడ మాటలు వినిపిస్తే ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగం అయ్యేవి. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగం వచ్చింది. దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాల దారి. గామా కిరణాలు 1.7 సెకన్ల తేడాతో వెనకే వచ్చాయి. ఆ దూరానికి తరంగం ఎంత బలహీనపడాలో అంతే పడింది, ఇంకో మితిలోకి కారిపోయిన జాడ లేదు.

గోదారిగట్టు:
అన్నీ బాగున్నాయండీ. మార్కుల సంగతి?

సుద్దముక్క:
కీ కరెక్టే. ఒక మెట్టు తర్వాత ఒక మెట్టుగా సున్నాకి దిగే లెక్క ఉన్నప్పుడు, ఆఖరి మెట్టు మీద 'చెప్పలేం' అని కూర్చోవడం పిరికితనం. ఈ కాలం కుర్రాళ్ళకి ఇదొక ఫ్యాషన్.

లాంబ్డా:
ఫ్యాషన్ కాదు. ఇంటర్‌లో ఇదే ప్రశ్న అడిగినందుకు మా లెక్చరర్ నన్ను క్లాసు బయట నిలబెట్టారు. "సున్నా అని రాసుకో, సిలబస్‌లో లేనివి అడక్కు" అన్నారు. మీలాంటివాళ్ళ వల్లే సగం మంది ఫిజిక్స్ వదిలేసి సాఫ్ట్‌వేర్‌కి పోయారు.

రాజా3:
నేనూ పోయా. జీతం బాగుందని.

సుద్దముక్క:
నేనెవర్నీ బయట నిలబెట్టలేదు. ఎవరిమీదో కోపం నామీద చూపించకు. మాది రేకుల షెడ్డు కాలేజీ. ల్యాబ్‌లో ఒకే ప్రిజం, దానికీ మూల విరిగింది. పొద్దున్నే పొలానికి నీళ్ళు పెట్టి వచ్చే పిల్లలు. వాళ్ళకి "ఈ ప్రశ్నకి అర్థం లేదు" అంటే తమకే తెలివి లేదనుకుంటారు, మళ్ళీ నోరు తెరవరు. "కాంతికి కాలం గడవదురా" అంటే వెనక బెంచీవాడు తలెత్తేవాడు. వాడు తలెత్తాక మిగతాది చెప్పుకోవచ్చు.

లాంబ్డా:
అంటే గొడవ ఫోటాన్ గురించి కాదన్నమాట. పిల్లలకి ముందు ఏం చెప్పాలన్నదాని గురించి.

సుద్దముక్క:
నాకు రెండూ ఒకటే.

లాంబ్డా:
నాకు కావు. సున్నా విన్నవాడు ఆహా అనుకుని ఇంటికెళ్తాడు. "ఎందుకు చెప్పలేం?" అని అడిగినవాడు కాంతి వేగం అందరికీ ఒకటే అన్న మాట దాకా తవ్వుకుంటూ పోతాడు. ఈ అమ్మాయి తవ్వింది. ఐదు మార్కులు కోసి కింది బ్యాచ్‌లో కూర్చోబెట్టారు. 'మిగతాది' ఆమెకి ఎవరు చెబుతారు మాస్టారూ? మీరు చెప్పేవారేమో. ఓఎంఆర్ షీటు చెప్పదు.

హరిత_హనుమకొండ:
ఈ ఒక్క మాటకి నేను లాంబ్డా వైపు. మిగతా టోన్‌కి కాదు.

గోదారిగట్టు:
కోచింగ్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. "అసలు ఎగ్జామ్‌లో ఇలాంటివి రావు, టెన్షన్ పడొద్దు" అన్నారు. బ్యాచ్ మార్చరట. త్రెడ్ అంతా అమ్మాయికి చూపించాను. అది ఇంకోటి అడగమంటోంది: "నీళ్ళలో కాంతి వేగం సెకనుకు 2.25 లక్షల కిలోమీటర్లే కదా, అక్కడైతే దాని పక్కన వెళ్ళొచ్చా?"

లాంబ్డా:
వెళ్ళొచ్చు, దాటి కూడా పోవచ్చు. అణు రియాక్టర్ నీళ్ళలో కనిపించే నీలి వెలుగు అలా దాటిపోయే ఎలక్ట్రాన్ల వల్లే వస్తుంది. కానీ నీళ్ళలో పోయేది శూన్యంలో ఒంటరిగా పోయే ఫోటాన్ కాదు, నీటి అణువులతో కలిసి నడిచే తరంగం. దీనికి విడిగా త్రెడ్ పెడతాను.

సుద్దముక్క:
విడిగా ఎందుకు? ఇక్కడే తేల్చు. దాని పక్కన నడిచేవాడి వాచీలో కాలం గడుస్తుందా, గడవదా?