టాడ్‌పోల్ పేగు నల్లబడితే విషం ఎక్కినట్టేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టండీ. బహుళ గోడల కార్బన్ నానోట్యూబులు (ఒకదానిలో ఒకటి దూరిన, కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు) లీటరుకు 10 మిల్లీగ్రాములు కలిపిన నీళ్లలో టాడ్‌పోల్స్ (తోకకప్పలు, అంటే కప్ప లార్వాలు) వదిలాం. మర్నాటికే పొట్టలో చుట్టలు చుట్టుకున్న పేగంతా నల్లగా కనిపిస్తోంది, కానీ అన్నీ బాగానే ఈదుతున్నాయి. దీన్ని విషప్రభావం అని రాయొచ్చా? వైవా తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పుడే రాయకు తమ్ముడూ. టాడ్‌పోల్స్ నీళ్లలో తేలేదీ అడుగున చేరేదీ మేతతో పాటు మింగేస్తాయి, నలుపు కనిపించిందంటే మింగాయని మాత్రమే అర్థం, పేగు గోడ దాటి ఒంట్లోకి పోయిందని కాదు. ఫ్రాన్స్‌లో తులూజ్ పరిశోధకులు 2008లో జెనోపస్ అనే కప్ప లార్వాలను రెండు గోడల నానోట్యూబులు కలిపిన నీళ్లలో ఉంచి చూశారు, లీటరుకు 10, 100, 500 మిల్లీగ్రాముల మోతాదుల్లో. రక్తకణాల్లో జన్యు నష్టం తేలలేదు గానీ అన్ని మోతాదుల్లోనూ లార్వాలు దెబ్బతిన్నాయి. మొప్పలో, పేగో, రెండూనో పూడుకుపోవడమే కారణమన్నారు. అంటే ఊపిరీ తిండీ ఆడక పడే ఇబ్బంది. నువ్వు మొదటి రోజే గ్రాఫ్ పేపర్ మీద పెట్టి పొడవు ఫొటో తీసుకో, 12వ రోజు మళ్లీ తియ్యి, కంట్రోల్‌తో (ట్యూబులు కలపని నీళ్లలో పెరిగినవాటితో) పోల్చు. కొన్నిటిని మామూలు నీళ్లలోకి మార్చి మేత పెట్టి, నలుపు బయటికి పోతోందో లేదో కూడా చూడు.

ప్రశ్న: నానోట్యూబుల పొడిని సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో పొడిని నీళ్లలో విడదీసే యంత్రం) పెట్టినా కాసేపటికే అడుక్కి చేరుతోందండీ. పొడిని నీళ్లలో కలిసేలా చేసే సర్ఫాక్టెంట్ వేయమని సీనియర్ అంటున్నారు.

జవాబు (ఇంకొకరు): వద్దే వద్దు! సబ్బులాంటి పదార్థం మొప్పలను అదే పాడు చేస్తుంది, తర్వాత ఏది దేనివల్లో నీకే తెలియదు. దాని బదులు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ (జిగురులాంటి పదార్థం) వాడినవాళ్లున్నారు, అది వేసినా, అది మాత్రమే ఉన్న తొట్టి ఒకటి విడిగా ఉండాల్సిందే. ట్యూబుల తయారీలో వాడిన కోబాల్ట్, నికెల్, ఇనుము కొద్దిగా మిగిలి ఉంటాయి కాబట్టి, ట్యూబులు నానిన నీటిని వడకట్టి అందులోనూ కొన్ని టాడ్‌పోల్స్‌ని పెంచు, దెబ్బ ఆ లోహాలదో కాదో తెలుస్తుంది. గైడ్‌లు చాలామంది దీన్ని పట్టించుకోరు, ఎగ్జామినర్ మాత్రం అక్కడే పట్టుకుంటాడు.

జవాబు (మొదటివారు): ఇంకోటి, రెండు రకాల కార్బన్ పోల్చేటప్పుడు బరువు ఒక్కటే చూడకు. ఆ తులూజ్ వాళ్లే 2016లో నానోట్యూబులు, గ్రాఫీన్ (పలుచటి కార్బన్ రేకులు), నానోవజ్రాలు (అతి చిన్న వజ్రపు రేణువులు) కలిపి లెక్కేస్తే, ఎదుగుదల తగ్గడం బరువుకన్నా ఉపరితల వైశాల్యంతో బాగా కుదిరింది. కంపెనీ షీటులో గ్రాముకు ఎన్ని చదరపు మీటర్లో చూసి లెక్క కట్టు. పొడి డబ్బా ఫ్యాన్ కింద తెరవొద్దు, మాస్కు పెట్టుకో, తొట్టి నీళ్లు సింకులో పారబోయకు.