అడవి సరస్సుల యాత్రకు తేలికైన పెద్ద కెనూ: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న (మిస్సిసాగా నుంచి)

అందరికీ నమస్కారం. మేము ప్రతి వేసవిలోనూ ఒంటారియోలోని ఆల్గాంక్విన్ ప్రొవిన్షియల్ పార్కులో కెనూ యాత్రకు వెళ్తుంటాము. నేను, నా భార్య, ఎనిమిదేళ్ల పాప కలిపి సుమారు 165 కిలోలు ఉంటాము. వారానికి సరిపడే తిండి, గుడారం, పడక సంచులు, వంట సామాను మరో 60 కిలోల దాకా ఉంటాయి. ఇప్పుడు మా దగ్గరున్నది మూడు పొరల పాలిఎథిలీన్ ప్లాస్టిక్‌తో చేసిన పదిహేడు అడుగుల కెనూ. రాళ్లకు ఎంత రాసుకున్నా దానికేమీ కాదు గానీ, బరువు మాత్రం 45 కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు అడవి బాటలో కెనూను బోర్లించి భుజాల మీద మోసుకుపోవాల్సిన పోర్టేజ్‌లు అర కిలోమీటరు దాటాయంటే నా మెడ, భుజాలు మొరాయిస్తున్నాయి. నా భార్య దాన్ని ఒక్కతే ఎత్తలేదు కాబట్టి మధ్యలో నన్ను మార్చుకునేవారు కూడా లేరు.

అందుకని ఇద్దరు తెడ్డు వేయగలిగేదీ, మధ్యలో పాప, సామాను పట్టేదీ, 22 కిలోలకు మించనిదీ అయిన కెనూ కొనాలనుకుంటున్నాము. కెవ్లార్ మంచిదా, కార్బన్ మంచిదా? పద్దెనిమిదిన్నర అడుగుల కెనూ మాకు మరీ పొడవవుతుందా? ఇంత తేలికైన పడవ అడవిలో రాళ్ల దెబ్బలకు నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (డులూత్, మిన్నెసోటా నుంచి)

నమస్కారమండీ. కెనూ ఎన్ని కిలోలుండాలో నిర్ణయించుకునే ముందు, మీరు ఒక్కో పోర్టేజ్‌ను ఎన్ని విడతల్లో దాటుతున్నారో ఒకసారి చూసుకోండి. సామానంతా ఒకే విడతలో మోయలేక రెండు విడతలుగా మోసేవారు కిలోమీటరు బాటకు మూడు కిలోమీటర్లు నడుస్తారు: బరువుతో ఒకసారి వెళ్లి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి, మళ్లీ బరువుతో వెళ్తారు. 45 కిలోల కెనూ నెత్తిన ఉన్నప్పుడు వీపున ఇంకేమీ పెట్టుకోలేము. అదే 20 కిలోల కెనూ అయితే దాంతోపాటే పది కిలోల సంచి కూడా తగిలించుకోవచ్చు, మిగిలిన సామాను రెండో మనిషి వీపుకెక్కితే రెండో విడతే అవసరం ఉండకపోవచ్చు. నీళ్ల మీద ఈ తేడా అంతగా తెలియదు, ఎందుకంటే మనుషులతో, సామానుతో కలిపి 270 కిలోలు తోసేవారు ఇక 245 కిలోలు తోస్తారు, అంతే. మీరు పెట్టే డబ్బుకు ఫలితం దాదాపు అంతా నేల మీదే కనిపిస్తుంది.

ఇక ఆ తేలికదనం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక సులభమవుతుంది. పాతకాలపు గ్రమ్మన్ అల్యూమినియం కెనూ పదిహేడు అడుగులది 34 కిలోలుంటుంది. నదీ యాత్రికులు ఎంతో ఇష్టపడిన ఓల్డ్ టౌన్ ట్రిప్పర్ దాదాపు అంతే పొడవులో 36 కిలోలుండేది. అది రాయలెక్స్ అనే నురుగు పొర ఉన్న ప్లాస్టిక్ పలకతో చేసింది, ఆ పలక తయారీ 2014లో ఆగిపోయింది. కెవ్లార్ కెనూ వీటికి భిన్నం. ఇందులో కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పీచుతో నేసిన పలుచని బట్టను అచ్చులో పొరలుగా పరిచి, రెసిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి గట్టిపరుస్తారు. గాజు పీచు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు ఉంటే కెవ్లార్ సాంద్రత 1.44 గ్రాములు మాత్రమే కాబట్టి అదే గట్టిదనానికి చాలా తక్కువ బరువు సరిపోతుంది. అయితే పలుచని బట్ట ఒక్కటే అయితే అడుగు నూనె డబ్బా అడుగులా లోపలికి, బయటికి కొట్టుకుంటుంది. అందుకే అడుగున బట్ట పొరల మధ్య పలుచని నురుగు పలకను, పక్కల పైకి నురుగు పక్కటెముకలను పెడతారు. వీటన్నిటితో తయారైన వెనోనా వారి మిన్నెసోటా 2 పద్దెనిమిదిన్నర అడుగులుండి కూడా, అతి తేలికైన కెవ్లార్ రకంలో 42 పౌండ్లు, అంటే 19 కిలోలే ఉంటుంది. ఇక్కడి బౌండరీ వాటర్స్ అనే అడవి సరస్సుల ప్రాంతంలో అద్దెకిచ్చే దుకాణాల ముందు వరుసగా కనిపించే పసుపు రంగు కెనూల్లో ఇవి చాలానే ఉంటాయి.

బరువు తగ్గించడానికి తయారీదారులు బయటి రంగు పూతను, అంటే జెల్ కోట్‌ను, వదిలేస్తారు. పెద్ద కెనూ మీద ఈ ఒక్క పూతే రెండు మూడు కిలోలు తూగుతుంది. పూత లేని కెవ్లార్ తేనె రంగులో ఉంటుంది, ఎండ పడితే లోపల కూర్చున్నవారికి నీటి మట్టం పక్కల గుండా గీత గీసినట్టు కనిపిస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, అదే ఎండ కెవ్లార్‌ను పాడు చేస్తుంది కాబట్టి ఇంటి దగ్గర దాన్ని నీడలోనే ఉంచాలి.

దెబ్బల సంగతి. కెవ్లార్ సాగదీతకు అద్భుతంగా నిలుస్తుంది, అందువల్ల రాయి తగిలినా బట్ట నిలువునా చిరగడం అరుదు. కార్బన్ మరింత బిగుతుగా, ఇంకొంచెం తేలికగా ఉంటుంది గానీ గట్టి దెబ్బ తగిలితే వంగకుండా పగులుతుంది. అందుకే చాలామంది ఈ రెండింటినీ కలిపి నేసిన బట్టను వాడతారు. మీ అవసరానికి కెవ్లార్ చాలు. అయితే ఒడ్డుకు చేరే పద్ధతి మార్చుకోవాలి. పాలిఎథిలీన్ కెనూను గులకరాళ్ల మీదికి జర్రున తోసినట్టు దీన్ని తోయకూడదు. మోకాలి లోతు నీళ్లు ఉండగానే దిగి, సామాను దించి, ఖాళీ కెనూను ఎత్తి ఒడ్డున పెట్టాలి. ఒక కొన ఒడ్డు మీద, ఇంకో కొన నీళ్లలో ఉండగా మధ్యలో ఎవరూ కూర్చోకూడదు. అంటే యాత్రంతా బూట్లు తడిసే ఉంటాయి, అది మాత్రం తప్పదు.

సమాధానం (ఒట్టావా నుంచి)

పై మిత్రుల మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పొడవు విషయంలో నా అభిప్రాయం వేరు. బౌండరీ వాటర్స్‌లో ఎక్కువ సమయం సరస్సుల మీదే గడుస్తుంది. ఆల్గాంక్విన్‌లో అలా కాదు. అక్కడ సరస్సుల మధ్య మెలికలు తిరిగే సన్నని వాగులు, ఎగువ నిపిస్సింగ్ నది లాంటి వంకర దారులు, బీవర్ అనే జంతువులు కట్టిన కర్రల అడ్డుకట్టలు ఎదురవుతూనే ఉంటాయి. మిన్నెసోటా 2 కెనూ అడుగుభాగం కొన నుంచి కొన దాకా దాదాపు తిన్నగా ఉంటుంది. ఆ తిన్నదనమే సరస్సు మీద సుఖం, వాగు మలుపులో అదే కష్టం. ముందు కూర్చున్నవారు తెడ్డు అడ్డం వేసి లాగినా వెనుక భాగం పొదల్లో చిక్కుకుంటుంది. బీవర్ అడ్డుకట్ట మీదుగా సామానుతో లాగేటప్పుడు బరువంతా ఒకే దుంగ మీద ఆనడం నురుగు పలకకు మంచిది కాదు.

కాబట్టి పదిహేడు, పదిహేడున్నర అడుగుల పొడవుండి, రెండు కొనలూ కాస్త పైకి లేచినట్టున్న కెనూ చూడమంటాను. అటికోకన్‌లో సూరిస్ రివర్ వారు చేసే క్వెటికో 17 ఈ కోవలోదే. వారు ఎపాక్సీ రెసిన్ వాడతారు, అడుగు బిగుసుకుపోకుండా రాయి తగిలినప్పుడు కొంచెం లోపలికి వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. స్విఫ్ట్ వారి కెవ్లార్, కార్బన్ కెనూలు కూడా ఒంటారియోలోనే తయారవుతాయి, నేరుగా వెళ్లి చూసి రావచ్చు. ఒకవేళ పెటవావా నది వడి నీళ్లలో దిగాలనే కోరిక ఉంటే తేలికదనం మాట మరచి, క్యుబెక్‌లోని ఎస్కిఫ్ వారు రాయలెక్స్‌కు బదులుగా తెచ్చిన టీ-ఫార్మెక్స్ కెనూలు చూడాలి. కానీ ఆ పరిమాణంలో అవి 30 కిలోలు దాటుతాయి, మీ మెడ సమస్య తీరదు.

ఇంకొక మాట. ప్రకటనల్లో వేసే గరిష్ఠ బరువు అంకెను నమ్మి కొనకండి. మీ 225 కిలోలతో పక్కల అంచు నీటికి ఎంత ఎత్తున ఉంటుందన్నదే అడగాల్సిన ప్రశ్న. తయారీదారు సూచించే బరువుల శ్రేణిలో మీ బరువు మధ్యలో పడాలి, పై కొసన కాదు. అలాగని అవసరానికి మించి పక్కలు ఎత్తుగా ఉన్నదాన్ని కొంటే, మధ్యాహ్నం ఒపియాంగో సరస్సు మీద గాలి లేచినప్పుడు ఆ ఎత్తే మీకు ఎదురుతిరుగుతుంది. తేలికైన కెనూ ఖాళీగా ఉంటే గాలికి మరీ సులభంగా పక్కకు కొట్టుకుపోతుంది, ఒడ్డున పెట్టినా చెట్టుకు కట్టాల్సిందే.

ప్రశ్నించినవారి మాట (మిస్సిసాగా)

ఇద్దరికీ కృతజ్ఞతలు. వడి నీళ్ల జోలికి మేము వెళ్లము. ఎక్కువగా ఒపియాంగో సరస్సు తూర్పు పాయ వైపు వెళ్తాము. డిక్సన్, బాన్‌ఫీల్డ్ సరస్సుల మధ్యనున్న అయిదు కిలోమీటర్లు దాటిన పోర్టేజ్‌ను ఒకసారి దాటాలని నా భార్యకు ఎప్పటి నుంచో కోరిక. గ్యారేజీ లోపలి పొడవు ఆరు మీటర్లు, పద్దెనిమిదిన్నర అడుగులంటే 5.64 మీటర్లు కనుక గోడకు తగిలించడానికి పడుతుంది. నా అనుమానాలు ఇంకా రెండు మిగిలాయి. పాపకు మూడో సీటు పెట్టించాలా? కొత్తది కొనలేకపోతే వాడినది తీసుకోవచ్చా?

సమాధానం (థండర్ బే నుంచి)

వాడినది నిశ్చింతగా తీసుకోవచ్చు. కొత్త కెవ్లార్ కెనూ నాలుగు వేల కెనడా డాలర్లకు పైమాటే. అద్దె దుకాణాలవారు ప్రతి శరదృతువులోనూ ఆ ఏడాది తిప్పిన కెనూలను కొంత తగ్గించి అమ్ముతారు. వాటి మీద గీతలు నిండుగా ఉంటాయి, కానీ గీతలను చూసి భయపడనవసరం లేదు. చూడాల్సినది లోపలి వైపు.

కెనూను ఎండలో నిలబెట్టి లోపల ఏటవాలుగా చూడండి. రెసిన్ నుంచి బట్ట విడిపోయిన చోట తెల్లని మచ్చ కనిపిస్తుంది. తరువాత నురుగు పలక అంచు ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి, ఆ అంచు వెంట బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ పోండి. గట్టిగా ఉంటే మంచిదే, మెత్తగా దిగినా, కిర్రుమన్నా అక్కడ నురుగు చితికిందని అర్థం. పక్కటెముకల మీద అడ్డంగా వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో, సీట్లను అంచులకు పట్టి ఉంచే మరల చుట్టూ బట్ట లేచిందేమో చూడండి. రెండు కొనల అడుగున అరిగిన చోట పసుపు పీచు నూగులా పైకి లేచి ఉంటే ధర తగ్గించమని అడగవచ్చు. కెవ్లార్‌ను గరుకు కాగితంతో రుద్దితే నునుపవదు, మరింత నూగు లేస్తుంది. అందుకని దానిపై రెసిన్ పూయడమో, కొనలకు రక్షణ పట్టీ అతికించడమో చేయాలి. కొత్త కెనూకు మాత్రం మొదటి రోజే ఆ పట్టీలు వేయించకండి, అరిగాక వేసుకోవచ్చు. అవి బరువు పెంచుతాయి, నీళ్లలో వేగాన్ని కూడా కొంచెం తగ్గిస్తాయి.

బరువు విషయాన్ని అమ్మేవారి మాట మీద వదలకండి. ఇంట్లో వాడే తూకం యంత్రం ఒకటి తీసుకెళ్లి, కెనూను భుజాన పెట్టుకుని ఒకసారి, దించేసి ఒకసారి నిలబడి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

సమాధానం (డులూత్, మిన్నెసోటా నుంచి)

వాగు మలుపుల గురించి ఒట్టావా మిత్రులు చెప్పింది నిజమే. ఒపియాంగోతో పాటు వాగులు కూడా మీ దారిలో ఉంటే పదిహేడున్నర అడుగులకే నేనూ మొగ్గుతాను. అరడుగు, అడుగు తగ్గినందువల్ల పోయే వేగం పాపతో వెళ్లే యాత్రలో లెక్కలోకి రాదు.

మూడో సీటు వద్దు. అది రెండు కిలోలు పెంచుతుంది, పైగా చాలా కెనూల్లో భుజాలకు ఆనే కాడి ఉండే చోటుకే అడ్డం వస్తుంది. ఎనిమిదేళ్ల పాప కాడికి వెనుక వైపు, అడుగున మందపాటి నురుగు చాప వేసుకుని, సంచికి ఆనుకుని కూర్చుంటే బరువు కిందికి దిగి కెనూ నిలకడగా ఉంటుంది. ఆ చాపే రాత్రి గుడారంలో కూడా పనికొస్తుంది. మిగిలిన డబ్బుతో మంచి కాడి మెత్తలు, మీ భుజాల వెడల్పుకు జరుపుకోగలిగేవి, కొనుక్కోండి. నా మట్టుకు మెత్తలు సరిగా లేని 19 కిలోల కెనూ కన్నా, సరిగా ఉన్న 23 కిలోల కెనూ అయిదు కిలోమీటర్ల బాటలో సుఖం. తెడ్ల సంగతి కూడా ఆలోచించండి. రోజుకు కొన్ని వేలసార్లు ఎత్తే వస్తువు కాబట్టి అక్కడ తగ్గిన రెండు మూడు వందల గ్రాములు సాయంత్రానికి భుజాలకు తెలుస్తాయి.

తిండి డబ్బా గురించి కూడా ఒక మాట. ఆల్గాంక్విన్ లోపలి సరస్సులకు గాజు సీసాలు, తగరపు డబ్బాలు తీసుకెళ్లనివ్వరు కనుక ఆవకాయను ఎలాగూ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి ఉంటారు. అలాగే ఉడికించి ఆరబెట్టిన పప్పు, వేయించిన ఉప్మా రవ్వ వైపు మళ్లితే ఆ 60 కిలోలు 50కి దిగడం కష్టం కాదు. అది డబ్బు ఖర్చు లేకుండా తగ్గే బరువు.

కొనే ముందు పదిహేడు అడుగులది ఒకటి, పద్దెనిమిదిన్నర అడుగులది ఒకటి, వేర్వేరు వారాంతాల్లో అద్దెకు తీసుకుని చూడండి. అప్పుడు మీరు ఎత్తకండి, మీ శ్రీమతి గారిని ఎత్తమనండి. కెనూ పక్కన నిలబడి, ముందుగా కాడిని పట్టుకుని తొడల మీదికి లాక్కుని, అవతలి అంచు అందుకుని, ఒక్క ఊపులో తలమీదుగా తిప్పి భుజాలకు ఆనించుకోవాలి. మీ సాయం లేకుండా ఆవిడ దాన్ని ఎత్తి, వంద మీటర్లు నడిచి, అడుగు నేలకు తగలకుండా దించగలిగితే ఆ కెనూనే కొనండి, అది పదిహేడు అడుగులదైనా సరే, పద్దెనిమిదిన్నర అడుగులదైనా సరే.