బెంట్‌గ్రాస్ గ్రీన్‌లో గుండ్రటి మచ్చలు, మందు కొట్టినా ఆగట్లేదు. ఇది టేక్-ఆల్ ప్యాచేనా (బెంట్‌గ్రాస్ వేళ్లను తినే ఫంగస్ తెగులు)?

ప్రశ్న: గ్రీన్‌పని

మాది గోల్ఫ్ మైదానం. బంతి పడే గుంత చుట్టూ ఇసుక మీద కట్టిన గ్రీన్, బెంట్‌గ్రాస్ అనే సన్నగడ్డి వేసి రెండో ఏడు. ఎండలు ముదరగానే జానెడు వెడల్పు గుండ్రటి మచ్చలు లేచాయి. ముందు రాగిరంగు, తర్వాత ఎండుగడ్డి రంగు. కొన్నిటి మధ్యలో పోవా (దానంతట అదే మొలిచే కలుపు గడ్డి) పచ్చగానే ఉంది, చుట్టూ బెంట్‌గ్రాస్ మాత్రం చచ్చిపోతోంది. క్లోరోథాలోనిల్ అనే ఫంగస్ మందు రెండు విడతలు కొట్టినా మార్పు లేదు. మట్టి పీహెచ్ 7.4. తడి ఇచ్చిన పూట తేరుకున్నట్టే ఉంటుంది, మధ్యాహ్నానికి మళ్లీ వాడుతోంది. డ్రై స్పాటా (ఇసుక నీటిని పీల్చుకోని చోటు), బ్రౌన్ ప్యాచా (ఆకు తెగులు), వేరు తెగులా? తేల్చుకునేది ఎలా?

జవాబు: వేరుచూపు

ఆకును వదిలేసి వేరు చూడండి. గుంతలు తీసే కప్ కట్టర్‌తో మచ్చ అంచు మీద, సగం పచ్చ సగం ఎండు వచ్చేలా ఒక కోర్ (గడ్డి, వేళ్లతో సహా మట్టి దిమ్మ) తియ్యండి. మచ్చ నడిమధ్యలో తీస్తే లాభం లేదు, అక్కడ అంతా చచ్చాక చేరే కుళ్లు ఫంగసే దొరుకుతుంది.

ముందు కోర్ పక్కవాటుగా పైనుంచి కిందికి నీటి చుక్కలు వరసగా పెట్టండి. ఇంకకుండా పూసల్లా నిలిస్తే డ్రై స్పాట్ కూడా ఉన్నట్టే. తర్వాత ఇసుక కడిగి, తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వేళ్లు పరచండి. టేక్-ఆల్ అయితే వేళ్లు పొట్టిగా, నల్లగా, పెళుసుగా ఉంటాయి. దుబ్బు మొదట్లో ఆకు తొడుగు వలిచి భూతద్దంతో చూస్తే కింద నల్లటి పూత కనిపిస్తుంది. పోచలు పట్టుకుని లాగితే పట్టు లేకుండా ఊడి వస్తాయి. బ్రౌన్ ప్యాచ్‌లో వేళ్లు బాగానే ఉంటాయి, దెబ్బంతా ఆకు మీదే.

మీరు చెప్పినవాటిలో టేక్-ఆల్ అని నాకు గట్టిగా తగిలింది మధ్యలో నిలిచిన పోవా. సమ్మర్ ప్యాచ్ అనే ఇంకో వేరు తెగులు అయితే ముందు పోయేది పోవానే. అయినా ల్యాబ్‌కు పంపండి. పిథియం రూట్ డిస్‌ఫంక్షన్ అనే మరో వేరు తెగులు కూడా ఇసుక గ్రీన్‌లో ఇలాగే మోసం చేస్తుంది, దాని మందులు వేరు. కోర్‌కు నీళ్లు చల్లకుండా, మట్టి ఆకుల మీద పడకుండా కాగితం చుట్టి, సెలవు రోజుల్లో దారిలో ఆగిపోకుండా వారం మొదట్లో పంపండి. ఈమధ్య కొట్టిన మందుల పేర్లు కూడా రాసి పెట్టండి.

జవాబు: ఇసుకమట్టి

క్లోరోథాలోనిల్ ఆకు పైనే ఉండే మందు, వేరుకు చేరదు. అందుకే మార్పు లేదు. ఇంకో సంగతి, టేక్-ఆల్ ఫంగస్ వేళ్లను పట్టేది ఇప్పుడు కాదు. మట్టి 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య చల్లగా, తడిగా ఉన్నప్పుడే పట్టేస్తుంది. ఎండ వచ్చి, మిగిలిన వేళ్లు నీళ్లు అందించలేక చేతులెత్తేసినప్పుడే మనకు మచ్చ తెలుస్తుంది. కాబట్టి మందుకు కాలెండర్ కాదు, 5 సెంటీమీటర్ల లోతున పెట్టిన థర్మామీటర్ చూడండి. చలి మొదట్లో మట్టి 15 డిగ్రీలకు దిగేటప్పుడు ఒకటి, నాలుగు వారాలకు ఇంకొకటి. చలి తగ్గి మట్టి మళ్లీ 13 డిగ్రీలకు చేరేటప్పుడు మూడోది. అజోక్సీస్ట్రోబిన్ రకం, టెబుకొనజోల్ రకం మార్చి మార్చి వాడండి. మోతాదు, ఏడాదికి ఎన్నిసార్లన్నది లేబుల్ ప్రకారమే.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మందు వేరు దాకా దిగాలి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు 100 లీటర్ల నీటితో కొట్టి, ఆకు ఆరకముందే 3 నుంచి 4 మిల్లీమీటర్ల తడి ఇవ్వండి.

గ్రీన్‌పని: మరి మాంగనీసు? పీహెచ్ దింపడానికి గంధకం చల్లేద్దామా?

జవాబు: ఇసుకమట్టి

మాంగనీసు తప్పకుండా. ఈ ఫంగస్ వేరు చుట్టూ ఉన్న మాంగనీసును గడ్డి తీసుకోలేని రూపంలోకి మార్చేస్తుంది, పైగా మీ పీహెచ్ దానికి తోడు. 32 శాతం మాంగనీసు సల్ఫేట్ అయితే 500 చదరపు మీటర్లకు 350 గ్రాములు, చలికి ముందొకసారి, చలి తగ్గాకొకసారి. ఎక్కువ వేసినా ఆ పీహెచ్‌లో బిగుసుకుపోతుంది, అందుకే ఏటా వేస్తూ ఉండాలి. సున్నం జోలికి వెళ్లొద్దు. నైట్రేట్ ఎరువులు ఆపి అమ్మోనియం సల్ఫేట్‌కు మారండి, విడతకు చదరపు మీటరుకు 2.5 గ్రాములు, వెంటనే తడి.

జవాబు: వేరుచూపు

గంధకం విషయంలో తొందరపడకండి. ఇసుక మీద వెనిగర్ చుక్క వేసి చూడండి, నురగ వస్తే సున్నపు ఇసుక. ఎంత గంధకం పోసినా పీహెచ్ దిగదు, ఎండలో వేస్తే గడ్డి మాడుతుంది, నీరు నిలిచే చోట నల్లపొర కడుతుంది. పై 3 సెంటీమీటర్ల మట్టిని విడిగా, నీటిలోని బైకార్బొనేట్‌ను కూడా పరీక్ష చేయించండి. నీటిలో అది ఎక్కువుంటే మీరు దింపిన పీహెచ్‌ను అదే మళ్లీ ఎక్కిస్తుంది.

ఇక ఈ ఎండాకాలం గ్రీన్‌ను బతికించడమే పని. కోత ఎత్తు 3 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచండి. వెర్టికట్టింగ్ (గడ్డిని నిలువుగా చీల్చే కోత), బరువైన టాప్‌డ్రెస్సింగ్ (పైన ఇసుక చల్లడం) ఆపండి. సన్నటి నీడిల్ టైన్‌తో (సూదుల్లాంటి ముళ్లతో) చిన్న రంధ్రాలు చేసి గాలి ఆడనివ్వండి. గ్రీన్ మొత్తానికి స్ప్రింక్లర్ తిప్పకుండా, మచ్చల అంచులకు మధ్యాహ్నం గొట్టంతో ఆకు తడిసేంత నీళ్లు చాలు. ఎండలో టెబుకొనజోల్ రకం వద్దు, అది ఎదుగుదలను ఆపి గడ్డిని మరీ పలచన చేస్తుంది. చచ్చిన చోట ప్లగ్‌లు (మట్టితో సహా గడ్డి దిమ్మలు) పెట్టాలంటే పాత నర్సరీ గ్రీన్ (ఇలాంటి అవసరానికి పెంచిన గ్రీన్) నుంచి తెండి, ఆరోగ్యంగా ఉన్న బెంట్‌గ్రాస్ వేళ్లు చూసుకుని మరీ.