ఖుర్దా చిప్పుల ఫ్యాబ్: 60,000 వేఫర్లు చూసి ఆర్కియన్ షేరు కొనొచ్చా?

గుణుపూర్ షేర్లు: ఖుర్దాలో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాబ్ (ఫ్యాక్టరీ) పెట్టే సిక్‌సెమ్‌కి 2025 ఆగస్టు 12న కేంద్రం పచ్చజెండా ఊపింది. ఏడాదికి 60,000 వేఫర్లు (చిప్పులు కోసే పల్చటి గుండ్రటి పలకలు), 9.6 కోట్ల చిప్పుల ప్యాకేజింగ్ (తొడుగులో బిగించడం). మాతృసంస్థ ఆర్కియన్ కెమికల్. ఇంకా ఆలోచనేటి?

రాయగడ ఫర్నేస్: డబ్బొచ్చేది పాసైన చిప్పుకండీ. 150 మి.మీ. వేఫర్ అనుకుంటే 5×5 మి.మీ. చిప్పులు అంచులు పోను 640. చదరపు సెంటీమీటరుకి ఒక్క లోపముంటే 78 శాతం, అంటే 500 నిలుస్తాయి. రెండుంటే 390. వేఫర్ ఖర్చు మాత్రం తగ్గదు.

జయపురం: 60,000 ఇంటూ 500, మూడు కోట్లే. మిగతా 6.6 కోట్లేవి?

రాయగడ ఫర్నేస్: డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిప్పులు) చిన్నవి బాబూ, 10 చ.మి.మీ. అయితే వేఫర్‌కి 1,660 వస్తాయి. బయటి చిప్పులూ ప్యాక్ చెయ్యొచ్చు. అది వదిలెయ్.

జయపురం: వదలను.

రాయగడ ఫర్నేస్: వేఫర్ ఎవరు చేసినా తంటా స్ఫటికం దగ్గరే. మన రాయగడ జిల్లా తెరుబలి కొలిమిలో ఫెర్రోక్రోమ్ లోహంలా కరిగించి పోసేది కాదిది. సిలికాన్ కార్బైడ్ 2,000 డిగ్రీలు దాటాక నేరుగా ఆవిరవుతుంది, ఆ ఆవిరిని విత్తన స్ఫటికం మీద పేర్చాలి. గంటకి మిల్లీమీటరు కూడా పెరగదు. లోపల బేసల్ ప్లేన్ డిస్‌లొకేషన్ (స్ఫటికం పొరల్లో అణువుల వరస తప్పడం) మిగిలితే చిప్పు పరీక్ష పాసవుతుంది. వాడకంలో బాడీ డయోడ్ (చిప్పులోనే ఉండే డయోడ్ దారి) గుండా కరెంటు పారేకొద్దీ అది విస్తరించి వోల్టేజి డ్రాప్ పెరుగుతుంది. అందుకే బర్న్-ఇన్, అంటే అమ్మేముందే గట్టిగా నడిపి చూడటం. గేట్ ఆక్సైడ్‌కీ (చిప్పు స్విచ్చి దగ్గర కరెంటుని ఆపే పల్చటి పొర) ఎక్కువ వోల్టేజి పెట్టి బలహీనమైనవి ఏరేస్తారు. ఎవరైనా ఈల్డ్ (పాసైన చిప్పుల శాతం) ఇంత అంటే, బర్న్-ఇన్‌కి ముందా తర్వాతా అని అడగండి.

గుణుపూర్ షేర్లు: ఈల్డ్ భయమెందుకు? అమెరికా సిలికాన్ కార్బైడ్ కంపెనీ వోల్ఫ్‌స్పీడ్ 2025 జూన్ 30న దివాలా పిటిషన్ వేసింది అప్పులకి, ఈల్డ్‌కి కాదు. ఇక్కడ కేంద్రం సాయముంది.

పర్లాకిమిడి: ఆ దివాలాలో పాత వాటాదారులకి మిగిలింది 3-5 శాతం. సాయం యంత్రాలకిస్తారు, ఆర్డర్లకి ఇవ్వరు కదా. 2024లోనే చైనా వాళ్లు సబ్‌స్ట్రేట్ (చిప్పులు చెయ్యని ఖాళీ వేఫర్) ధర నేలకి దించేశారు. ఆర్కియన్‌ని నడిపేది ఇప్పటికీ కచ్ బ్రోమిన్, ఉప్పు. ఉప్పు షేరుకి చిప్పు రేటు కడతావా?

గుణుపూర్ షేర్లు: ఆంధ్రాకి ఏఎస్ఐపీ (చిప్పుల ప్యాకేజింగ్ కంపెనీ) వస్తే పండగ, ఒడిశాకి వస్తే లోపాల లెక్కలా? ఏ గడ్డ మీద బతుకుతున్నారండీ మీరు?

పర్లాకిమిడి: అదీ, ఇప్పుడొచ్చింది అసలు మాట! అభిమానంతో కొనుక్కో, వద్దనను. దానికి వేఫర్ల లెక్క తగిలించి మాకు చెప్పకు. అయినా ఫ్యాబ్ ఖుర్దాకి పోయింది, మన గజపతి, రాయగడ పిల్లలు విశాఖకైనా అక్కడికైనా రైలెక్కాల్సిందే.

రాయగడ ఫర్నేస్: వాహనాలకి అమ్మాలంటే ఏఈసీ-క్యూ101 (వాహనాల చిప్పుల మన్నిక పరీక్షల ప్రమాణం) దాటాలి. 3 లాట్లు, లాటుకి 77 చిప్పులు, 1,000 గంటలు, ఒక్కటీ పోకూడదు. ఆ కబురొచ్చాక చూస్తా.

గుణుపూర్ షేర్లు: అప్పటికి రేటు డబులైపోద్ది.