అప్‌డేట్: దుప్పుల మేతబీడులో లాంటానా

నల్లమల అంచున దుప్పులు మేసే బీడులో లాంటానాను (గడ్డిని కమ్మేసే విదేశీ ముళ్లపొద) మొదలంటా నరికినా ఇంకా గుబురుగా ఎందుకు లేస్తోందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ దండాలు. తప్పు నరకడంలోనే ఉంది. కాండమూ వేరూ కలిసే చోట, మట్టి కిందే మొగ్గలు దాగి ఉంటాయి. పైన నరికితే ఒక్క కొమ్మ పోయి పది పుట్టుకొస్తాయి.

ఈసారి వాన పడి నేల మెత్తబడ్డాక, కాయ నల్లబడకముందే పని మొదలైంది. ఒకరు పొదను కర్రతో పక్కకు వంచి పట్టుకుంటే, ఇంకొకరు నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరును గునపంతో తెంపాలి. పెరికిన పొదను తలకిందులుగా, వేర్లు ఎండకు పెట్టి వదలాలి. పచ్చికొమ్మ తడినేలకు ఆనితే అక్కడే వేళ్లూనుతుంది. జేసీబీ మాత్రం వద్దు, నేలంతా కలిసిపోయి పాత విత్తనం పైకి తేలుతుంది.

ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లారు. ఎక్కువ లోతుకు పోతే సరిగా మొలవదు. మొదటి వానాకాలం ఏవీ మేయకుండా రేగుకంప అడ్డం వేయాలి.

పెద్ద చెట్ల కింద రెండేళ్లు కాపలా తప్పదు. పిగిలిపిట్టలు పండు తిని అక్కడే రెట్ట వేస్తాయి, లాంటానా మొలకలు వరుసగా లేస్తాయి. అరచేతంత ఉన్నప్పుడే చేత్తో వచ్చేస్తాయి.

ఇంకొకటి, పొదలన్నీ ఒకేసారి తీయకండి. దుప్పి కూనలు దాక్కునేది వాటిలోనే. ముక్కలు ముక్కలుగా, గడ్డి నిలిచాకే తర్వాతి ముక్క.