బెంగళూరు సీఏ ఆఫీసుల్లో జీఎస్టీ పని: క్లయింట్ వారీగానా, దశల వారీగానా?

ఆడిట్_జయనగర్
పన్నెండు మంది సిబ్బంది, 140 మంది నెలవారీ జీఎస్టీ క్లయింట్లు ఉన్న ఆఫీసు అనుకుందాం. పాత పద్ధతిలో ఒక్కో అసిస్టెంటుకి పాతిక మంది దాకా క్లయింట్లు. బిల్లుల ఎంట్రీ నుంచి 3బీ (నెలవారీ పన్ను లెక్క రిటర్ను) ఫైలింగ్ దాకా అంతా ఆ ఒక్కరే చూసుకుంటారు. దీన్ని మార్చి ఎంట్రీకి ఒక జట్టు, 2బీని (సప్లయర్లు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితా) పుస్తకాలతో సరిచూడ్డానికి ఒక జట్టు, ఫైలింగ్‌కి ఒక జట్టు పెట్టాలన్నది నా వాదన. 2023 జులై నుంచి ఆర్టికల్‌షిప్ (సీఏ చదివేవాళ్లు ఆఫీసులో చేసే శిక్షణ) మూడేళ్ల నుంచి 2 ఏళ్లకు తగ్గింది. కుర్రాడికి క్లయింట్ సంగతులు వంటబట్టేసరికి వెళ్లిపోయే రోజు దగ్గరపడుతుంది. ఆ వివరాలన్నీ అతని బుర్రలోనే ఉంటే తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాలి.

లెడ్జర్_పీన్యా
ఒప్పుకోనండీ. పనిని ముక్కలు చేస్తే క్లయింట్ పూర్తిగా ఎవరికీ తెలియకుండా పోతాడు. ఇక్కడ పీన్యాలో యూనిట్, తమిళనాడు హోసూరులో గోడౌన్ ఉన్నవాళ్లను చూడండి. పాన్ ఒకటే, జీఎస్టీ నంబర్లు రెండు: కర్ణాటకది 29తో, తమిళనాడుది 33తో మొదలవుతుంది. సరుకు పీన్యాలో దిగింది, సప్లయర్ పొరపాటున 33 నంబరు మీద బిల్లు చూపించాడు. ఇక 29 నంబరు 2బీలో అది కనబడదు. సరిచూసే జట్టు 'మిస్సింగ్' అని రాసి సప్లయర్‌కి ఫోన్ చేస్తుంది. అతను ఫైల్ చేశానంటాడు, అదీ నిజమే. క్లయింటుని ఎరిగినవాళ్లు ముందు హోసూరు 2బీ తెరిచి చూస్తారు. అది దొరికితేనే కదా, తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో (సప్లయర్ తన అమ్మకాల బిల్లులు చూపే రిటర్ను) నంబరు సవరించమని సప్లయర్‌ని అడగగలిగేది.

జాబ్ వర్క్ (ముడిసరుకు బయటివాళ్లకు పంపి పని చేయించుకోవడం) చలాన్లదీ ఇదే గొడవ. చలాన్ బిల్లు కాదు కాబట్టి ఎంట్రీ జట్టు పక్కన పడేస్తుంది. బయటికి పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలన్న లెక్క ఎవరు చూస్తారు?

2బీ_లెక్క
ఇద్దరూ రోజులు లెక్కపెట్టలేదు. 2బీ 14న వస్తుంది, 3బీకి గడువు 20. మధ్యలో చేతికందేది 5 రోజులు. 140 మందిలో 110 మంది తేలికైనవాళ్లు, తలా 20 నిమిషాలు వేసుకున్నా దాదాపు 37 గంటలు. మిగతా 30 మంది చిక్కులవాళ్లు, తలా 2 గంటలంటే 60. మొత్తం 97 గంటల పని. సరిచూసే జట్టులో ఇద్దరుంటే, రోజుకు 7 గంటల చొప్పున 5 రోజులకు 70 గంటలే. మధ్యలో ఆదివారం పడితే 56. అదే సమయంలో ఎంట్రీ జట్టు ఖాళీగా కూర్చుంటుంది. దశల పద్ధతి దెబ్బతినేది ఇక్కడే.

ఆడిట్_జయనగర్
లెక్క సరైనదే. కానీ 14 దాకా ఆగమని ఎవరన్నారు? 2024 అక్టోబరులో ఐఎంఎస్ (సప్లయర్ల బిల్లులను పోర్టల్‌లోనే యాక్సెప్ట్ లేదా రిజెక్ట్ చేసే ఏర్పాటు) వచ్చాక సప్లయర్ జీఎస్టీఆర్-1లో బిల్లు సేవ్ చేస్తే చాలు, మనకు కనబడుతుంది. జీఎస్టీఆర్-1 గడువు 11 కాబట్టి 12 నుంచే మొదలుపెట్టొచ్చు. ఎంట్రీ జట్టులో ఇద్దరిని ఆ వారం ఇటు మార్చండి. తేలికైన 110 మందిని వాళ్లు చూస్తారు.

2బీ_లెక్క
మొదలుపెట్టొచ్చు, కానీ మూడు జాగ్రత్తలు. సప్లయర్ ఫైల్ చేసేలోపు ఆ బిల్లు మారిస్తే మనం పెట్టిన యాక్సెప్ట్ పోతుంది, మళ్లీ చూడాలి. 14 తర్వాత ఏ మార్పు చేసినా 2బీని తిరిగి లెక్క కట్టించాలి. ఇది మరిచిపోయి పాత అంకెతో పనిచేయడం చాలాచోట్ల జరిగే తప్పు. మూడోది, మూడు నెలలకోసారి ఫైల్ చేసే సప్లయర్ ఐఎఫ్ఎఫ్ (మధ్య నెలల్లోనూ బిల్లులు చూపే సదుపాయం) వాడకపోతే అతని బిల్లు క్వార్టర్ ముగిశాకే వస్తుంది. అతనికి ప్రతి నెలా ఫోన్ చేయడం దండగ, వెండర్ జాబితాలో పేరు పక్కనే ఆ గుర్తు పెట్టుకోండి.

షీట్_మల్లేశ్వరం
ఆ 20 నిమిషాలు కూడా ఎక్కువే. ఎక్సెల్‌లోని పవర్ క్వెరీలో ఒకసారి అమర్చుకుంటే తేలికైన క్లయింట్ 5 నిమిషాల్లో తేలిపోతాడు. అయితే బిల్లు నంబరుని ఉన్నదున్నట్టు పోల్చకండి. పుస్తకాల్లో '124' ఉంటుంది, పోర్టల్‌లో 'ఎస్/0124/24-25' ఉంటుంది. ముందు సంవత్సరం ముక్క తీసేయండి, తర్వాత అంకెలు మాత్రం ఉంచి ముందున్న సున్నాలు కొట్టేయండి. దానికి జీఎస్టీ నంబరు, పన్నుకు ముందు విలువ కలిపి పోల్చండి, ఒక్క రూపాయి తేడా వదిలేయండి. విలువ కలపకపోతే 'ఎ/124', 'బి/124' రెండూ ఒకటే అనుకుని జోడీ కట్టేస్తుంది. ఆ తప్పు దొరకదు, ఎందుకంటే షీటులో పచ్చగానే కనిపిస్తుంది.

లెడ్జర్_పీన్యా
ఇది బాగుంది, ఎవరి పద్ధతికైనా పనికొస్తుంది. నా అభ్యంతరం వేరే. మూడు జట్లూ విడివిడిగా వాట్సాప్‌లో అడిగితే, ఒకే బిల్లు గురించి క్లయింటుకి మూడు మెసేజ్‌లు వెళ్తాయి. నాలుగోసారి అతను ఫోన్ ఎత్తడు. పని ఎన్ని చేతులు మారినా సరే, క్లయింటుతో మాట్లాడే నోరు ఒక్కటే ఉండాలి. అందరూ చూసే ఒక షీటులో బిల్లు నంబరు, మొత్తం, అడిగినది, అడిగిన తేదీ, వచ్చిన జవాబు రాయాలి. జవాబు అందులోకి ఎక్కకపోతే రానట్టే లెక్క. హోసూరు, జాబ్ వర్క్ లాంటి చిక్కులున్న ఆ 30 మందిని మాత్రం దశల్లోకి తేకండి, ఒక్కొక్కరిని ఇద్దరు మనుషుల జోడీకి అప్పగించండి. ఒకరు వెళ్లిపోయినా రెండోవారు ఉంటారు, మీ 2 ఏళ్ల బాధా తీరుతుంది.

ఆడిట్_జయనగర్
జోడీకి సరే. కానీ 110 మంది విషయంలో నేను వెనక్కి తగ్గను. ఒక ఆర్టికల్ కుర్రాడు ఏడాదంతా బ్యాంకు పద్దులే వేస్తే ఏం నేర్చుకుంటాడని మీరు అడుగుతారు, న్యాయమే. నాలుగు నెలలకోసారి జట్టు మార్చాలి, మార్చే వారం 12కీ 20కీ మధ్య పడకూడదు.

లెడ్జర్_పీన్యా
ఓటీపీ సంగతి కూడా తేల్చండి. ఈవీసీతో (డిజిటల్ సంతకం బదులు ఓటీపీతో) ఫైల్ చేసేవాళ్లకు ఓటీపీ సాధారణంగా యజమాని ఫోనుకే వెళ్తుంది. ఫైలింగ్ జట్టు 20 సాయంత్రం పిలిస్తే ఆయన షాపు కట్టేసి ఉంటాడు. 18వ తేదీనే 'రేపు 11 నుంచి 1 మధ్య ఓటీపీ వస్తుంది' అని చెప్పాలి, అది కూడా ఆయనకు తెలిసిన ఆ ఒక్క గొంతే చెప్పాలి.